రాజు ఇచ్చిన కొండ, ఊరు తవ్వుకున్న కాలువ

ఈ ప్రయాణానికి కారణం ఒక కంచె. వేయించినవాడు మా పిన్ని కొడుకు రఘు. గుంటూరులో పుట్టి, మెడిసిన్ చదివి, ఎనిమిదేళ్ళు వీసా ఎటు పొమ్మంటే అటు ఊళ్ళు మారి, చివరికి న్యూ మెక్సికో ఉత్తరాన కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో డాక్టరుగా కుదురుకున్నాడు. ఆ ఊరి పేరు రాయనని అతనికి మాటిచ్చాను కాబట్టి అడగకండి. శాంటా ఫే నుంచి గంటన్నర దూరమని మాత్రం చెప్పగలను.

పోయిన ఆగస్టులో అక్కడ రెండెకరాల స్థలంతో పాటు ఒక మట్టి ఇటుకల ఇల్లు కొన్నాడు. మొదటి నెలలోనే చుట్టూ ఇనుప వల కంచె వేయించాడు. ఖాళీ స్థలం చేతికొస్తే ప్రహరీ కట్టేదాకా నిద్ర పట్టని వాళ్ళం మనం. వాళ్ళ నాన్న గుంటూరు శివార్లలో కొన్న ప్లాటును ఎవరో కబ్జా చేసి గది కట్టేస్తే, ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగడం రఘు కళ్ళారా చూశాడు. కంచె పూర్తయ్యాక లోపల ముప్ఫై ఆప్రికాట్ మొక్కలు నాటాడు. జీవితంలో అతను చెట్టు నాటడం అదే మొదటిసారి.

చిక్కు ఏమిటంటే, స్థలం పైభాగాన ఊరి కాలువ పారుతుంది. రఘు కంచె ఆ కాలువను రెండుచోట్ల అడ్డంగా దాటింది. ఏటా వసంతంలో ఊరంతా కలిసి కాలువలో పూడిక తీస్తారు. పూడికతీత రోజు జనం అక్కడికి వచ్చేసరికి దారి తెరిచి ఉండకపోతే, ఈ ఏడాదికి అతని తూము మూసేస్తామని కాలువ సంఘం ఉత్తరం రాసింది. ఆ ఎండల్లో నీళ్ళు లేకపోతే మొక్కలు జూన్ కూడా చూడవు.

"అక్కా, నువ్వు మ్యాపులు చేస్తావు గదా, ఒక్కసారి రా. నా ల్యాండ్ నాదేనని వాళ్ళకి ప్రూవ్ చేసి పెట్టు," అన్నాడు ఫోన్లో.

నేను షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాను. జిల్లా కార్యాలయాలకు భూముల పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఎవరి స్థలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పొద్దస్తమానం చూడటమే నా పని. రఘు ఉండే జిల్లా పటం తెరిచి చూస్తే, నది ఒడ్డున స్థలాలన్నీ రిబ్బన్ల మాదిరి సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. వాటి వెనకే కొండంతా ఒకే ఆకుపచ్చ రంగు, యజమాని అన్నచోట కేంద్ర ప్రభుత్వం. ఇళ్ళ పెరటి గోడల దాకా వచ్చి ఆగిన ప్రభుత్వ భూమిని నేనెప్పుడూ చూడలేదు. తమ్ముడి కోసం సగం, ఆ పచ్చరంగు కోసం సగం, బయల్దేరాను.

మార్చి ఆఖరి బుధవారం. న్యూ మెక్సికో వెళ్ళే దూరప్రయాణపు రైలు షికాగోలో బయల్దేరి మా నేపర్‌విల్‌లోనే ఆగుతుంది. ఈ సంగతి మా కాలనీలో చాలామందికి తెలియదు, అందరూ విమానమే ఎక్కుతారు. మూడూ ఇరవై నాలుగుకు రావాల్సింది మూడూ నలభైకి వచ్చింది. పడుకునే గది టికెట్ విమానం కంటే ప్రియం. కుర్చీ టికెట్ తీసుకుంటే చాలు, కాళ్ళు బారుగా చాపుకోవచ్చు. భోజనాల బోగీ ఉంది కానీ శాకాహారానికి పెద్దగా ఆశ పెట్టుకోకండి. నేను పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్ళాను. దుప్పటి కూడా తీసుకెళ్ళండి, బోగీలో చలి వణికిస్తుంది.

పక్క సీట్లో కాన్సస్‌లో దిగబోయే పెద్దావిడ కూర్చుంది. పశువుల పెంపకంలో జీవితమంతా గడిపిందట. ఎక్కడికి, ఎందుకు అని అడిగితే రఘు కథ చెప్పాను.

"పడమరకి వెళ్తున్నావు కదా, ఒకటి గుర్తుపెట్టుకో," అంది. "అక్కడ నేల కొంటే నేలే వస్తుంది. నీళ్ళ సంగతి వేరే."

ఇంత చిన్న ముక్క రఘుకి ఇల్లు అమ్మినవాళ్ళు ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు. చెప్పే ఉంటారు. సంతకాలు పెట్టే తొందరలో అతను విని ఉండడు.

తెల్లవారేసరికి కొలరాడో. ఎనిమిదిన్నరకు ఒక స్టేషన్లో కాసేపు ఆపితే దిగి నడిచాను. అక్కడి నుంచి కొండలు మొదలవుతాయి. గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి. ఒక సొరంగం దాటాక న్యూ మెక్సికో. అద్దాల బోగీలో కూర్చుంటే రెండు పక్కలా జింకలు కనిపిస్తాయి. లామీ అనే స్టేషన్‌కు మూడూ పదికి చేరాం, నలభై నిమిషాలు ఆలస్యం. శాంటా ఫే వెళ్ళేవాళ్ళు దిగాల్సింది ఇక్కడే. ఊరు కాదు, నాలుగు ఇళ్ళు. ముందుగా బండి మాట్లాడుకోకపోతే ఇరుక్కుపోతారు.

రఘు కారుతో వచ్చాడు. చిక్కిపోయాడు. దారిలో ఒక హోటల్ దగ్గర ఆపాడు. కూర్చోగానే వడ్డించే అమ్మాయి "ఎరుపా, పచ్చా?" అని అడిగింది. మిరపకాయల పులుసు ఏ రంగు కావాలని. గుమ్మానికి ఎండుమిరపకాయల దండలు వేలాడుతున్నాయి. గుంటూరు మనుషులకు ఇంతకంటే మంచి ఊరు ఎక్కడ దొరుకుతుంది?

"ఊరు మంచిదే అక్కా," అన్నాడు రఘు. "క్లినిక్‌కి వస్తారు, బీపీ చూపించుకుంటారు, థాంక్యూ డాక్టర్ అంటారు. బయట కనిపిస్తే మొహం తిప్పుకుంటన్నారు. పక్కింటి ఓర్లాండో అయితే ఆర్నెల్లుగా మాట్లాడలా. శైలజ ఇంక జెర్సీ సిటీకి పోదామంటంది."

శైలజ అతని భార్య. ఇంటికి చేరగానే నా చేతిలోంచి బ్యాగు తీసుకుంటూ, "వదినా, నేను పోదామనలేదు. ఉంటే మనుషుల్లో ఉందాం అన్నాను, అంతే," అంది. రఘు వినిపించుకోనట్టు కంచె చూపించడానికి తీసుకెళ్ళాడు. గట్టి కంచె, ఆరడుగుల ఎత్తు. కాలువ అడుగున వల మీద చెత్తా కొమ్మలూ మోకాలెత్తున పేరుకుని ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నే ఊరి మొదట్లో నీలం రంగు బస్సెక్కి శాంటా ఫే వెళ్ళాను. ఆ బస్సుకు టికెట్ లేదు. శని ఆదివారాల్లో తిరగదు, గమనించండి. పాత పత్రాలు దాచే ప్రభుత్వ కార్యాలయంలో మన పేరు రాసి, సంతకం పెట్టి కూర్చుంటే, అడిగినవి బల్ల మీదకు తెచ్చిపెడతారు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ ఇస్తారు. పత్రాలు స్పానిష్‌లో ఉంటాయి. అక్కడ పనిచేసే ఒక నడివయసు ఆవిడ నాకు వరసగా చదివి చెప్పింది. ఆమె ఇక్కడి ఆదివాసుల సంతతి, స్పెయిన్ వాళ్ళు రాకముందు నుంచీ నది ఒడ్డున ఉన్న ఊరి మనిషి.

ఆవిడ చదివింది, రఘు ఊరికి స్పెయిన్ రాజు పేరుతో భూమి ఇచ్చిన పత్రం. మన దగ్గర ఈనాం భూములు ఇచ్చినట్టే అనుకున్నాను కానీ, పద్ధతి వేరు. ఇక్కడ ఒక్కడికి కాదు, కొన్ని కుటుంబాలకు కలిపి ఇచ్చారు. రాజోద్యోగి వచ్చి వాళ్ళను చెయ్యి పట్టుకుని పొలం అంతా నడిపించాడట. వాళ్ళు గడ్డి పీకారు, రాళ్ళు విసిరారు, రాజు వర్ధిల్లాలని కేకలు పెట్టారు. అంటే భూమి స్వాధీనమైనట్టు. తర్వాత తాడుతో కొలిచి, చీట్లు వేసి, ఇంటికో పొడుగాటి ముక్క పంచారు. కాలువ నుంచి నది దాకా, ప్రతి ముక్కకీ పైన నీళ్ళు తగిలేట్టు. నా పటంలోని రిబ్బన్లు అవే! బల్ల మీద చెయ్యేసి కొట్టబోయి, పత్రాన్ని చూసి ఆగాను.

"ఇంటి స్థలం, పొలం ఎవరిది వాళ్ళది," అని చదివింది ఆవిడ. "కొండ, మేత, కట్టెలు, నీళ్ళు అందరివీ."

"మరి కొండ ఇప్పుడు ప్రభుత్వానిది ఎలా అయింది?"

చెప్పింది. స్పెయిన్ పోయి మెక్సికో వచ్చింది, మెక్సికోతో యుద్ధం చేసి అమెరికా వచ్చింది. ఎవరి ఆస్తి వాళ్ళకే ఉంటుందని ఒప్పందం రాసుకున్నారు. కోర్టుల్లో ఇంటి స్థలాలకూ పొలాలకూ పట్టాలు నిలబడ్డాయి. కొండ దగ్గరికి వచ్చేసరికి వాదన తిరగబడింది. అది ఊరి వాళ్ళదని ఎక్కడుంది, వాడుకోమన్నాడే గాని రాజు తన హక్కు వదులుకోలేదు కదా అన్నారు. రాజుది మెక్సికోది అయింది, మెక్సికోది అమెరికాది అయింది. అందరిదీ అన్న మాటకు సొంతదారు లేడని అర్థం తీసి, కొండను ప్రభుత్వం ఖాతాలో వేసుకున్నారు. ఇప్పుడు ఆ ఊరివాళ్ళు అదే కొండ మీద కట్టెలు కొట్టుకోవడానికి పర్మిట్ తీసుకోవాలి.

నాకు ఒళ్ళు మండింది. మన పోరంబోకు భూములు గుర్తొచ్చాయి. ఊరి పశువులన్నీ మేసిన నేల, కాగితం మీద సర్కారుది. "రాజు ఇచ్చినదాన్ని కూడా లాక్కున్నారా!" అన్నాను.

ఆవిడ పత్రాన్ని జాగ్రత్తగా అట్టలో పెట్టింది. "రాజు ఇచ్చాడంటారు అందరూ," అంది. "ఎవరిది ఇచ్చాడని మా అమ్మమ్మ అడిగేది." సిగ్గేసింది. ఆ ప్రశ్న నాకు రానందుకు.

మూడింటి బస్సుకు తిరిగొచ్చాను. రఘు స్థలం పత్రాలకు కూడా శాంటా ఫేలోనే నకలు తీయించాను. విషయం సూటిగానే ఉంది. నది దాకా నేల అతనిదే, ఒక్క అడుగు కూడా ఎవరూ ఆక్రమించలేదు. కాలువ మాత్రం ఎవరిదీ కాదు, ఊరందరిదీ. దాని గట్టు వెంట ఊరివాళ్ళు నడిచే హక్కుకు లోబడే ఆ నేల చేతులు మారుతూ వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

రఘు గరిటె కింద పెట్టేశాడు. "ఏందక్కా, నువ్వు నా సైడా, వాళ్ళ సైడా?"

"కాగితం సైడు. అడిగింది నువ్వే."

"ఇవాళ నడుస్తామంటారు. రేపు పశువుల్ని తోలతారు. ఎల్లుండి షెడ్డు వేస్తారు. నాన్నకి ఏమైందో నీకు తెలవదా? ఇంత కష్టపడి కొన్నది నాది అనుకోడానికి లేదా నాకు?"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలీ కోపమూ కలిసి వచ్చాయి. ఒక్క మాట మాత్రం అడిగాను, రేపు మీ ఇంటి తరఫున పూడిక తీయడానికి ఎవరు వెళ్తున్నారని. ప్రతి స్థలం నుంచి పారతో ఒక మనిషి వెళ్ళాలి, డబ్బులిచ్చి కూలిని పంపినా సరే. ఎవరూ వెళ్ళడం లేదన్నాడు. "అయితే నేను వెళ్తున్నా," అన్నాను. శైలజ లేచి గ్యారేజీలోంచి పార తెచ్చి గోడకు ఆనించింది.

శనివారం ఏడు గంటలకు కాలువ మొదట్లో పాతిక మంది చేరారు. నీళ్ళు ఆపేసిన కాలువ ఎండి ఉంది. మంచు ఇంకా నేల మీదే ఉంది. కాలువ పెద్ద పేరు బెనీతో, అరవై దాటిన మనిషి. మన ఊళ్ళల్లో నీరటి చేసే పనే ఇక్కడ ఇతనిది. ఎవరికి ఏ రోజు ఎన్ని గంటలు నీళ్ళో అతనే చెప్తాడు, తూములు అతనే తెరుస్తాడు. హాజరు పిలిచాడు. రఘు స్థలం వంతు వచ్చినప్పుడు నేను చెయ్యెత్తాను. పాతిక తలలు నా వైపు తిరిగాయి.

"డాక్టర్ రాలేదా?"

"నేను ఆయన అక్కని."

బెనీతో నా బూట్లు చూశాడు, పార చూశాడు. పుస్తకంలో రాసుకున్నాడు. పార కర్రతో కొలిచి గట్టు మీద గీతలు గీస్తాడు, గీతకీ గీతకీ మధ్య ఒక మనిషి పని. అడుగున మట్టి తీసి గట్టు మీద పోయాలి, పక్కల గడ్డి చెక్కాలి. అయ్యాక అతను వచ్చి చూసి తలూపితే ముందుకు. నేను చేసింది రెండుసార్లు తిప్పికొట్టాడు. కంప్యూటర్ ముందు ఇరవయ్యేళ్ళు కూర్చున్న నడుము కదా, పది గంటలకల్లా నిలబడనంది. పక్క గీతలో తవ్వుతున్న ముసలాయన అడగకుండానే నా భాగంలో రెండు పారల మట్టి తీసి పోశాడు. ఆయనే ఓర్లాండో అని తర్వాత తెలిసింది.

పదకొండున్నరకు కంచె దగ్గరికి చేరాం. అందరూ ఆగిపోయారు. కొందరి దగ్గర కత్తెరలున్నాయి, అయినా ఒక్కరూ తీగ ముట్టుకోలేదు. ఒకరి కంచెను ఇంకొకరు కోయడం వాళ్ళ పద్ధతి కాదట. పారలు నేలలో గుచ్చి గట్టు మీద కూర్చున్నారు. వల అవతల రఘు నిలబడి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ తొడుగులు వేయించిన పత్రాల ఫైలు.

"అన్నీ ఉన్నాయి నా దగ్గర," అన్నాడు. "డీడ్, సర్వే, టైటిల్ ఇన్సూరెన్స్. చూస్తారా?"

బెనీతో వలకు దగ్గరగా వెళ్ళాడు. "చూడక్కర్లేదు డాక్టర్, అన్నీ నిజమే అయ్యుంటాయి," అన్నాడు. "మా తాత దగ్గర కూడా పెట్టెడు ఉండేవి. రాజు ముద్ర కూడా ఉండేది." తలెత్తి వెనకున్న కొండను చూశాడు. "కొండ పోయింది. ఇది మాత్రం ఉంది, ఎందుకంటే ఏటా వచ్చి తవ్వుతున్నాం. పన్నెండున్నర దాకా కూర్చుంటాం. ఆ తర్వాత నీ తూముకు తాళం వేసి, చుట్టూ తిరిగి వెళ్తాం."

ఎవరూ అరవలేదు, బెదిరించలేదు. అరిచి ఉంటే రఘుకి సులువయ్యేది. అతను ఫైలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, నేను కాళ్ళనిండా బురదతో ఇవతల కూర్చున్నాను. తమ్ముడికి ఎదురుగా పరాయివాళ్ళలో కూర్చోవడం నాకెంత కష్టంగా ఉందో చెప్పలేను.

అప్పుడు ఇంట్లోంచి శైలజ వచ్చింది. రెండు చేతులతో పెద్ద గిన్నె పట్టుకుంది, పాతికమందికి సరిపడా పులిహోర. కంచె దాకా వచ్చి అటూ ఇటూ చూసింది. ఆ వైపు గేటు లేదు. రోడ్డు మీదుగా చుట్టి రావాలంటే పావుగంట నడక.

"ఏవండీ," అంది. "వాళ్ళ సంగతి తర్వాత. ముందు నాకు దారి ఇవ్వండి. గిన్నె బరువుగా ఉంది."

ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. వాళ్ళకు తెలుగు రాకపోయినా గిన్నె అర్థమైంది. రఘు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఫైలు మొక్కల దగ్గర నేల మీద పెట్టి గ్యారేజీలోకి వెళ్ళాడు. రాడేమో అనుకున్నాను. కటింగ్ ప్లయర్‌తో తిరిగొచ్చాడు. కుట్లు వేసే చేతులే గానీ, ఇనుప తీగ కోయడం రాదు. మూడో తీగ తెగగానే వల మొహం మీదికి ఎగరబోయింది. ఇవతలి నుంచి ఓర్లాండో గబుక్కున పట్టుకున్నాడు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు, రఘు చివరి తీగ కోసేదాకా.

భోజనాలయ్యాక రఘు నా చేతిలోంచి పార తీసుకుని కాలువలోకి దిగాడు. అతని గీతను బెనీతో మూడుసార్లు తిప్పికొట్టాడు. నాకంటే ఒకటి ఎక్కువ. నాకు ఎంత సంతోషమేసిందో! సాయంత్రానికి రెండో చోట కూడా కంచె తెరుచుకుంది.

ఆదివారం పన్నెండూ పావుకు లామీలో తిరుగు రైలు. రఘు అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, నా పెట్టె శైలజ ఎక్కించింది. సంఘం వాళ్ళు తూము తెరుస్తామన్నారు కానీ, ఈసారి అతనికి చివరి వంతు ఇచ్చారు, శుక్రవారం. మొక్కలు అప్పటిదాకా తట్టుకుంటాయా అన్నదే దిగులు. రైలు కదిలాక కూడా నాకు అదే ఆలోచన. కిటికీలోంచి చూస్తే ఆ పచ్చటి కొండలు చాలాసేపు పక్కనే వచ్చాయి. ఎవరివి అని సర్కారునీ, ఊరివాళ్ళనీ, ఆ కార్యాలయం ఆవిడనీ అడిగితే ముగ్గురు మూడు జవాబులు చెప్తారు, ముగ్గురి దగ్గరా న్యాయం ఉంది. బయల్దేరినప్పుడు ఒకే ప్రశ్న ఉండేది, ఇప్పుడు ఎక్కువయ్యాయి. అయినా వెళ్ళినందుకు బాధ లేదు. మీరు వెళ్తే మార్చి ఆఖరులో వెళ్ళండి, పాత బూట్లు పట్టుకెళ్ళండి.

సోమవారం పొద్దున రైలు మిసిసిపీ నది వంతెన దాటుతుండగా రఘు ఫోన్ చేశాడు. వెనకాల నీళ్ళ చప్పుడు.

"అక్కా, నీళ్ళొచ్చినయ్! ఏడింటికే వచ్చినయ్."

"నీ వంతు శుక్రవారం కదరా?"

"ఓర్లాండో తన టర్న్ నాకిచ్చాడు. మీ మొక్కలు చిన్నవి, నావి పెద్ద చెట్లు, ఆగుతాయన్నాడు. పొద్దున్నే తలుపు కొట్టి చెప్పి పోయాడు." నీళ్ళ చప్పుడుకి గొంతు పెంచాడు. "నా శుక్రవారం ఆయన్ని తీసుకోమన్నా."

"ఏమన్నా రాసుకున్నారా?" అన్నాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది!

రఘు నెమ్మదిగా అన్నాడు. "రాసుకోవాలని నాకు తట్టనే లేదక్కా."